గుట్ట మీద బుచ్చమ్మ, నీళ్లరంగుల్లో

కాగితం మీద నీళ్లు పరిచేశాను. ఆకాశపు నీలం పై అంచు నుంచి మెల్లగా కిందికి దిగుతోంది. సరిగ్గా అప్పుడే బుచ్చమ్మ పట్టుకున్న కొమ్మ వదిలేసి మోచేయి దులుపుకుంది.

“పెద్దమ్మా, జర కదలకుంట ఉండుమంటి గద,” అన్నాను కుంచె ఆపకుండానే.

“నాకెందుకు చెప్తవ్ బిడ్డా, గీ చీమకు చెప్పు. కదిలేది అదే.”

కింద బండ మీద కూర్చున్న ఆమె భర్త చెన్నయ్య నవ్వాడు. “నలభై ఏండ్ల సంది నేను చెప్తున్న, నా మాటే ఇనలే. నీ మాట ఇంటదా?”

“నువ్వు ఊకో. కండ్లకు సగమే ఆనుతది, నోరు మాత్రం నిండుగ నడుస్తది నీకు.”

“అగో, ఇన్నవా బిడ్డా? గా మాట సుత బొమ్మల రావాలె.”

నాకు నవ్వడానికి తీరిక లేదు. దసరా దాటిన వారం, పదిన్నర ఎండ. ఆ గుట్ట మీద తడి కాగితం ఎంతసేపు తడిగా ఉంటుందో తెలుసా? మా బొమ్మల దుకాణంలో అయితే టీ తాగి రావచ్చు. అక్కడ తల తిప్పి చూసేలోపు ఆరిపోతుంది. ఆకాశం తడిగా ఉండగానే గుట్ట అంచు కలపాలి, గుట్ట ఆరీ ఆరకముందే సీతాఫలం ఆకులు తాకించాలి. ఆలస్యమైతే మరక, తొందరపడితే ముద్ద. చేయి దానంతట అదే పోతోంది. బుచ్చమ్మ మళ్లీ కొమ్మ వంచింది, ఎడమ కాలు రాయి మీద పెట్టింది, ఆమె లేతాకుపచ్చ చీర మీద ఎండ పడి కళ్లు చెదిరేంత మెరిసింది. ఆ మెరుపు దగ్గర నేను రంగే వేయలేదు. కాగితం తెలుపు అలాగే వదిలేశాను. అబ్బ, ఎంత బాగా వచ్చిందో అనుకున్నాను.

నా పదేళ్ల పనిలో పెద్ద తప్పు అదే. చేసేటప్పుడు అంత సంతోషమేసిన తప్పు ఇంకొకటి లేదు.

నేనెవరంటే

మా సార్ దుకాణంలో ఈ మధ్య ఇద్దరు అమ్మాయిలు పనికి చేరారు. “అక్కా, నీకు తెలిసింది రాసియ్యి, మేం చదువుకుంటం” అని వెంటపడితే ఇది రాస్తున్నాను. నా పేరు స్వరూప. ముప్పై నాలుగేళ్లకే రిటైరయ్యానంటే మా ఆడబిడ్డ, “పింఛను ఎప్పటిసంది వదినా?” అని ఏడిపిస్తుంది. ఏం చేయను, కుడిచేతి బొటనవేలి కీలు అరిగిపోయింది. కుంచె పట్టుకుంటే మోచేతి దాకా గుంజుతుంది. ఇక పట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇప్పుడు జడ్చర్లలో మా కిరాణా కొట్లో కూర్చుంటున్నాను. చదివింది పదో తరగతి, అదీ లెక్కలు రెండోసారి రాసి.

రాష్ట్రం వచ్చిన కొత్తల్లో మహబూబ్‌నగర్‌లో నర్సింహ సార్ దగ్గర చేరాను. సార్ ఒకప్పుడు బోర్డు పెయింటరు. ఎరువుల దుకాణాలు, బట్టల షాపులు, లారీల వెనక అక్షరాలు, అన్నీ ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని మింగేశాయి. తర్వాత మనుషుల బొమ్మలు మొదలుపెట్టాడు, అది కూడా నీళ్లరంగుల్లో. బోర్డు పెయింటరంటే జనం చులకనగా చూశారని ఆయనకు లోపల ఒక ముల్లు ఉండేది. అందుకే నేను కాస్త ముదురు రంగు ముంచితే చాలు, చేయి పట్టుకునేవాడు.

“పలుచగ బిడ్డా, పలుచగ. నీళ్లను పని చెయ్యనియ్యి. గట్ల ముదురు గొట్టినవనుకో, మల్ల బోర్డు పెయింటర్వే.”

నేను ఆ మాట పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు లోపల దాచుకున్నాను. గురువు చెప్పిందంతా నిజమే, కానీ ప్రతిచోటా నిజం కాదు. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మాకు వచ్చే పనిలో ఎక్కువ పోయినవాళ్ల బొమ్మలే. పాత గుర్తింపు కార్డు మీది ఫోటో తెచ్చి, పెద్దగా వేసి ఇమ్మంటారు. మన దిక్కు గోడ మీద ఎదురుగా చూస్తున్న బొమ్మ, ఛాతీ దాకా, ఉన్నదంటే ఆ మనిషి లేడని లెక్క. హుజూర్‌నగర్ నుంచి ఒకాయన ముచ్చటపడి తన బొమ్మే వేయించుకుని కొత్తింట్లో తగిలించుకున్నాడు. మొదటి చుట్టం లోపలికి వస్తూనే చెప్పులు విడిచి, బొమ్మకు దండం పెట్టి, “ఎప్పుడు పోయిండు పాపం?” అన్నాడట. ఆ పోయినాయనే చేతిలో చాయ్ పట్టుకుని వెనక నిలబడి ఉన్నాడు. మర్నాడే బొమ్మ తిరిగి దుకాణానికి వచ్చింది.

కాబట్టి అమ్మాయిలూ, బతికున్న మనిషిని వేసేటప్పుడు నిలబెట్టండి, పనిలో పెట్టండి, చూపు ఎటో తిప్పండి. చేతులు తప్పకుండా వేయండి. చేతులు రావని ఛాతీ దగ్గరే కోసేస్తే అది బద్ధకం, ఇంకేం కాదు.

చెన్నయ్య అడిగింది

ఆ మొగుడూపెళ్లాలు మహబూబ్‌నగర్ కంటి దవాఖాన నుంచి తిన్నగా మా దుకాణానికి వచ్చారు. బుచ్చమ్మ చేతిలో చుక్కల మందు సంచి. చెన్నయ్య గడప తడిమి లోపలికి వచ్చాడు.

“నీటికాసులంట సార్,” అన్నాడు. “పోయిన చూపు రాదంట. ఉన్నది ఎన్నొద్దులుంటదో డాక్టరే చెప్తలేడు. గందుకే వచ్చిన. ఉన్నప్పుడే ఈమెను కండ్లనిండ చూసుకుందామని.”

సార్‌కు అర్థం కాలేదు. “ఇంట్లనే ఉంటది గదనే పెద్దమ్మ. చూడు.”

“ఇంట్ల యాడుంటది సార్? పొద్దుగాల గుట్టకు పోతది, పొద్దుగూకినంక వస్తది. ఆమె వచ్చేవరకు నాకు చీకటైతది. నాకు చూపున్న యాల్ల ఆమె ఉండదు, ఆమె ఉన్న యాల్ల నాకు చూపుండదు.”

నేను రంగులు కలపడం ఆపేశాను.

బుచ్చమ్మ సీతాఫలాలు కోసి, గంపలో పెట్టుకుని జడ్చర్ల చౌరస్తాలో అమ్ముతుంది. కాయల కాలం అయిపోతే కూలికి పోతుంది. ఇంట్లో కూర్చుంటే పూట గడవదు. చెన్నయ్య చూపు తగ్గినప్పటి నుంచి మంచం మీద కూర్చుని, వెనక వాకిలి వైపు తల తిప్పి తిప్పి చూస్తూ ఉంటాడు. ఆ మంచం ఎదుటి గోడ మీద ఆమె ఉండాలి, అదీ గుట్ట మీద కొమ్మ వంచుతూ ఉండాలి. తలుపంత బొమ్మ కావాలి. ఇదీ ఆయన కోరిక.

“గుట్టే ఎందుకే పెద్దనాయినా?” అన్నాను.

“ఆడనే చూసిన మొదాలు. కొమ్మ వంచి కాయ తెంపుతాంది. నేను కింద నిలవడ్డ.”

“నిలవడుడేంది,” అంది బుచ్చమ్మ. “మా బాపు కోసిపెట్టిన గంపల చెయ్యి పెట్టిండు. పచ్చికాయతోని కొట్టిన. గీడ, భుజం మీద.”

“గప్పుడే అనుకున్న, గీమెకు గురి మంచిగున్నదని.”

ఆమె నవ్వింది కానీ మొహంలో భయం ఉంది. “నన్ను గోడకెక్కిస్తడట బిడ్డా, బతికుండంగనే. గది మంచిదేనా?”

“గంప పట్టుకుని నిలవడ్డదానికి ఎవ్వడు దండం పెడ్తడు పెద్దమ్మా? కాయ అడుగుతరు గని,” అన్నాను. ఆ మాటకు ఒప్పుకుంది.

ఫోటో తీసుకొచ్చి వేస్తానన్నాను. సార్ వద్దన్నాడు. “ఎండ ఫోటోల రాదు. గుట్ట మీదికే పో.” బయట కూర్చుని మనిషిని వేయడం నాకదే మొదటిసారి. ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ పక్కన కూర్చున్న తెలియని ఆవిడకు కూడా చెప్పేశాను, రేపటి నుంచి గుట్ట మీద పని అని.

మంచిగున్నది బిడ్డా

మూడు పొద్దులు వెళ్లి పూర్తి చేశాను. సార్ బొమ్మను చాలాసేపు చూశాడు. “గిది గద నీళ్లరంగంటే,” అన్నాడు. పదేళ్లలో ఆ మాట ఆయన నోట రెండోసారి వినలేదు. నేను గాల్లో నడిచాను.

అంత పెద్ద అద్దం వాళ్లకు నచ్చాక వేద్దామన్నాడు సార్. బొమ్మను అట్టకు అంటించి, గుడ్డ చుట్టి, ఆటోలో నిలబెట్టి పట్టుకుని వాళ్లూరు తీసుకెళ్లాను. గోడకు ఆనించి గుడ్డ తీశాను. చెన్నయ్య మంచం మీంచి లేచి దగ్గరికొచ్చి, ఇటూ అటూ తల తిప్పి చూశాడు.

“శానా మంచిగున్నది బిడ్డా,” అన్నాడు. “శానా మంచిగున్నది.”

నేను పొంగిపోతున్నాను. బుచ్చమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏం కనవడ్డదో చెప్పు,” అంది మొగుడితో, మెల్లగా.

“ఏముంది, గుట్ట. నువ్వు.”

“నేనేం చీర కట్టుకున్ననో చెప్పు.”

ఆయన మళ్లీ వంగాడు. “తెల్లగ... తెల్లగ ఉన్నదేదో.”

“ఆఁ. తెల్లచీరే. నువ్వు మంచం మీద కూసోనుండంగ నాకు తెల్లచీర కట్టిచ్చి గోడకు పెట్టింది గీ పిల్ల.”

అది తెల్లచీర కాదు పెద్దమ్మా, ఎండ, ఎండ పడితే అట్లా ఉంటుంది, రంగుల పనిలో ఎండను అట్లాగే చూపిస్తారు అని గబగబా చెప్పాను. ఆమె విన్నది. విని అంది, “నీకు ఎండ బిడ్డా. నాకు గది ముండమోపి చీర.”

గుట్ట మీద ఆమె ముందు మూడు పొద్దులు కూర్చున్నాను. మనూళ్లో పుట్టి పెరిగినదాన్ని. తెల్లచీర అంటే ఏమిటో నాకు తెలియదా? కుంచె పట్టుకోగానే తెలిసిందంతా మరచిపోయాను. నీళ్లరంగుల్లో తెలుపు కొనుక్కునేది కాదు, కాగితమే తెలుపు అని సార్ నేర్పిన పాఠం తలలో మోగుతుంటే, నా ఎదురుగా ఉన్న మనిషి ముత్తైదువ అన్న సంగతి గుర్తు రాలేదు. మీరు ఏ పటం వేసినా సగం పని అయ్యాక కుంచె పక్కన పెట్టి, ఆ ఇంటి ఆడమనిషిలా ఒక్కసారి చూడండి. కళాకారుల్లా తర్వాత చూసుకోవచ్చు.

కానీ ఆ పూట నన్ను ఎక్కువ కుంగదీసింది ఆ తెల్లచీర కాదు. ఆయన “మంచిగున్నది” అన్నప్పుడు బొమ్మకు జానెడు పక్కన, ఉత్త గోడను చూస్తూ అన్నాడు.

“పెద్దనాయినా, నిజం చెప్పు. నీకు ఆమె ఆనలేదు గద?”

ఆయన చేత్తో గోడ తడిమాడు. “కష్టపడి గుట్టెక్కినవ్. ఎండల కూసున్నవ్. ఆనలేదని ఎట్లనాలె బిడ్డా?”

బుచ్చమ్మ కళ్లు తుడుచుకుని గయ్యిమంది. “ఆనలేదని చెప్పనీకి నీకు మొగమాటమా? మల్ల జూసుకుందమంటె చూపు ఉంటదా?”

ఆమె అన్నది నాకు బాగా తగిలింది. ఆయన చూపుకు మిగిలిన కాలం ఆరిపోతోంది, ఆ గుట్ట మీద తడి కాగితంలాగే. నేను లేచి, “పెద్దమ్మా, పాత పేపరున్నదా ఇంట్ల?” అన్నాను.

ఎందుకు అడిగానో నాకే అప్పటికి పూర్తిగా తెలియదు. ఆమె ఒక పేపరు తెచ్చింది. దాన్ని ఎదుటి గోడకు అన్నం మెతుకులతో అంటించి, చెన్నయ్యను ఆయన రోజూ కూర్చునే చోటే మంచం మీద కూర్చోబెట్టాను.

“నాలుగు మూలలు ఆనుతున్నయా?”

“రెండానుతున్నయి. గొట్టంలకెళ్లి చూసినట్టుంటది బిడ్డా. నడుమల ఉంటది, పక్కలకు ఉండదు.”

పేపరు మడిచాను. మూడు. ఇంకాస్త మడిచాను.

“ఆఁ, గిప్పుడు నాలుగు.”

తలుపంత బొమ్మ అడిగిన మనిషికి, ఆ మంచం మీంచి నిండుగా కనిపించేది పళ్లెమంత బొమ్మే. అడిగింది అడిగినట్టు చేసిచ్చాను నేను. అడిగినాయనకు ఏం కనిపిస్తుందో మాత్రం చూడలేదు. బొమ్మకు మళ్లీ గుడ్డ చుట్టి, ఆ మడిచిన పేపరు జాకెట్టులో పెట్టుకుని బయల్దేరాను.

బోర్డు పెయింటర్ చెప్పిన కిటుకు

దుకాణానికి వచ్చి సార్‌కు అంతా చెప్పాను. తెల్లచీర మాట వినగానే తల పట్టుకున్నాడు. “నేను సుత చూసిన గద. నాకు సుత తట్టలేదు,” అన్నాడు. అందులో ఆయన గొప్పతనం ఉంది. తప్పు మొత్తం నా మీదికి తోయలేదు.

తర్వాత నేను ఒక ప్రశ్న అడిగాను. “సార్, ఎరువుల దుకాణం బోర్డు ఉరికే బస్సులున్నోనికి సుత కనవడాలంటే మీరు ఏం చేస్తుంటిరి?”

ఆయన మొహం మారిపోయింది. “గా పని ఇప్పుడెందుకు?”

“చెన్నయ్య బస్సులున్నట్టే ఉన్నడు సార్. చూపు ఉరుకుతాంది.”

సార్ లేచి దుకాణం వెనక్కి వెళ్లి, ధూళి పట్టిన రేకు ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. నల్లటి రంగు మీద పసుపు అక్షరాలు. “రోడ్డు అవుతలికి పో. ఆడికెళ్లి చూడు,” అన్నాడు.

రోడ్డు దాటి చూశాను. చెట్టు నీడలో కూడా ఒక్కొక్క అక్షరం నిలబడి కనిపిస్తోంది.

తిరిగి వచ్చేసరికి ఆయన చేతిలో సుద్దముక్క ఉంది. పదేళ్లలో ఆయన అంత హుషారుగా మాట్లాడటం నేను చూడలేదు. “ఇను. అక్షరం సొంతంగ కనవడదు. దాని వెనకది కనవడనిస్తేనే కనవడ్తది. లేతది ఉంటే దాని పక్కనే ముదురుండాలె, నడుమల మూడోది పెట్టొద్దు. అంచు కొయ్యాలె, కలపొద్దు. తెలుపు మెరుస్తది గని కండ్లల గుచ్చుతది. పసుపు ఆగుతది. నలుపు మీద పసుపును మించింది లేదు.”

“మరి పలుచగ అంటుంటిరి?”

“గది కండ్లు మంచిగున్నోల్లకు,” అన్నాడు. సుద్దముక్క చేతిలో తిప్పుతూ, “గింత తెలిసినోన్ని, గా పని చెప్పుకోనీకి సిగ్గుపడ్డ జూడు,” అన్నాడు.

పసుపు. బుచ్చమ్మకు పసుపు చీర కడితే తెల్లచీర భయమే ఉండదు, చెన్నయ్య కంటికి ఆగుతుంది. రెండు చిక్కులూ ఒక్క రంగుతో విడిపోయాయి. నాకు అక్కడే గంతులేయాలనిపించింది. వేశాను కూడా, ఒకటి. సార్ చూడనట్టు పక్కకు తిరిగాడు.

రెండో బొమ్మ

మర్నాడే గుట్ట ఎక్కాం. ఈసారి సార్ కూడా వచ్చాడు, మోకాళ్లు పట్టుకుంటూ. రాత్రి ఫోనులో చెప్పినట్టే బుచ్చమ్మ ఎర్రంచు పసుపు చీర కట్టుకుని ముందుగానే వచ్చి నిలబడింది.

“గిదెప్పటి చీర పెద్దమ్మా?”

“పండుగదే. చీమలకు సుత పండుగ చేద్దామని కట్టుకొచ్చిన.”

గుట్ట మీద రెండు పెద్ద బండల మధ్య సందు ఉంది. పొద్దున పూట లోపల చిక్కటి నీడ. ఆ నీడ ముందు ఆమెను నిలబెట్టాను. ఆకాశం అక్కర్లేదని వదిలేశాను. దూరపు గుట్టలు అక్కర్లేదు. తంగేడు పూలు ఎంతో ఊరించాయి, కానీ అవీ పసుపే, ఆమె చీరతో పోటీ పడతాయి. వాటినీ వదిలేశాను. ఏం వేయాలో కంటే ఏం వదలాలో తేల్చుకోవడమే ఈ పనిలో కష్టం. నాకైతే ఆ తంగేడు వదులుతుంటే ప్రాణం ఉసూరుమంది.

కాగితం ఆ మడిచిన పేపరంతే. ముందు పసుపు, పలుచగా, చీర మొత్తానికి ఒకే నీటితో. అది పూర్తిగా ఆరేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత మొహం, చేతులు, ఎర్రమన్ను రంగులో. చివరికి వెనక నీడ. నీలిమందు రంగులో ఎర్రమన్ను రంగు కలిపితే దాదాపు నలుపు అవుతుంది, కానీ చచ్చిన నలుపు కాదు, లోపల ఊపిరి ఉంటుంది. కుంచె నిండా ముంచాను. జీవితంలో అంత ముదురు ఎప్పుడూ ముంచలేదు. చేయి ఆగింది, అలవాటుగా సార్ వైపు చూశాను.

“ఇంకా,” అన్నాడు సార్. “ఆరినంక సగం పాలిపోతది. ఇంకా ముంచు.”

ముంచాను. ఆమె భుజం అంచు వెంట, వంచిన కొమ్మ పట్టుకున్న చేతి వెంట, రాయి మీది ఎడమ కాలి వెంట కోసినట్టు నీడ పెట్టాను. ఒక్కసారిగా బుచ్చమ్మ కాగితంలోంచి బయటికి వచ్చి నిలబడింది. నేను వేసింది ఆమెను కాదు, ఆమె చుట్టూ ఉన్న నీడను. వచ్చింది మాత్రం ఆమె. ఈ పనిలో నాకు దక్కిన పెద్ద సంతోషం ఏదని ఎవరైనా అడిగితే ఆ నిమిషమే చెప్తాను.

బుచ్చమ్మ వచ్చి చూసింది. వేలితో తన నుదుటి బొట్టు తాకి, బొమ్మలోని బొట్టు వైపు చూపించింది. “గిది నేనే,” అంది. “ముక్కు జర పెద్దగైంది. ఫికర్ లేదు, ఆయనకు తెల్వది.”

గోడకెక్కినంక

దుకాణంలో చట్రం బిగించి అద్దం వేశాం. నీళ్లరంగు బొమ్మ అద్దం లేకుండా గడప దాటకూడదనేది సార్ నియమం. వానాకాలం చెమ్మ తగిలితే బూజు పడుతుంది, పొగకు నల్లబడుతుంది, ఒక్క తడిచేయి తగిలినా రంగు లేచిపోతుంది. ఆ నియమం సరైనదే.

మబ్బు పట్టిన మధ్యాహ్నం పటం తీసుకెళ్లి, పేపరు అంటించిన చోటే మేకు కొట్టి తగిలించాను. చెన్నయ్య మంచం మీద కూర్చున్నాడు. నేను ఏమీ అడగలేదు. మళ్లీ మొహమాటపడి “మంచిగున్నది” అంటాడేమోనని భయం.

ఆయన చాలాసేపు చూశాడు. ఈసారి గోడను కాదు. తర్వాత తన ఎడమ కాలు మెల్లగా ఎత్తి మంచం పట్టె మీద పెట్టాడు, బొమ్మలో ఆమె రాయి మీద పెట్టినట్టే.

“గిట్లనే నిలవడ్డది,” అన్నాడు. “కాయ ఇసిరే ముందుగాల.”

బుచ్చమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. అక్కడ అప్పుడు చేసే పనేమీ లేదు. నేను ఆటో ఎక్కి, దారి పొడుగునా నాలో నేనే మాట్లాడుకున్నాను. ఆటో డ్రైవరు అద్దంలోంచి అనుమానంగా చూశాడు.

సాయంత్రం బుచ్చమ్మ ఫోను. “బిడ్డా, మబ్బు ఇడిసినంక ఎండొచ్చింది. వాకిలి ఎలుగంత గా అద్దంల వడ్తాంది. ఆయనకు తలుపే ఆనుతాంది, నేను ఆనుతలేనంట. చెప్పొద్దన్నడు, నేనే చెప్తున్న.”

“రోజంతనా పెద్దమ్మా?”

“ఎలుగుంటెనే గద ఆయనకు చూపు. ఎలుగొస్తే అద్దం మెరుస్తది.”

గోడ మారుద్దామంటే మంచానికి ఎదురుగా ఉన్నది ఆ ఒక్క గోడే. తలుపు మూస్తే చీకటి. సార్‌కు ఫోను చేశాను. “అద్దం తీస్తే రెండు మూడు వానాకాలాలు ఆగితే గొప్ప,” అన్నాడు. “అద్దముంటే మన తర్వాత సుత ఉంటది. నీ చేతిది గట్లాంటిది మల్ల వస్తదో రాదో, ఆలోచన చెయ్యి.”

నిజమే, అట్లాంటిది నా చేతి నుంచి మళ్లీ రాలేదు. అది నేను వేసిన వాటిలో ఉత్తమమైనదని నాకు అప్పుడే తెలుసు. పదికాలాల పాటు ఉండాలని ఎవరికి ఉండదు? కానీ ఆ బొమ్మ ఉన్నన్నాళ్లు ఆయన చూపు ఉంటుందని డాక్టరు చెప్పలేదు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే బయల్దేరి, పటకారు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. బుచ్చమ్మ అప్పటికే గుట్టకు వెళ్లిపోయింది. చెన్నయ్య మంచం మీద ఉన్నాడు, తలుపులోంచి ఎండ నేరుగా గోడ మీద పడుతోంది. పటం దించి, వెనక మేకులు ఒక్కొక్కటే పీకి, అద్దం బయటికి లాగాను. ఉత్త కాగితాన్ని మళ్లీ చట్రంలో బిగించి అదే మేకుకు తగిలించాను. సరిగ్గా ఉందో లేదోనని దాని ముందే నిలబడి చూస్తున్నాను.

“జర జరుగు బిడ్డా,” అన్నాడు చెన్నయ్య వెనక నుంచి. “అడ్డమున్నవ్.”

నేను పక్కకు జరిగాను.